బందరు డబ్బు నుంచి జంట అంకెల పైసా దాకా

ఈమధ్య ఫోన్లలో ఒకటే మెసేజీలు. పాత పైసా బిళ్ల మీద అంకె జంటగా కనపడితే లక్షలొస్తాయంట. మన గుడివాడ వైపు, దివిసీమలోనూ పాత ట్రంకుపెట్టెలు తిరగేస్తున్నవాళ్లు ఉన్నారు. ఇందులో నిజమెంతో, మోసమెంతో తేల్చుకోవాలంటే నాణెం ఎట్టా తయారవుతుందో తెలియాలి. ఆ కథలో మన బందరుకీ పాలుంది. పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మనం రోజూ అనే "డబ్బు" ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. దాని విలువ 20 కాసులు. బందరులో టంకశాల ఉండేది. 1750 నుంచి ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. 1759 ఏప్రిల్లో కల్నల్ ఫోర్డ్ కోట పట్టుకున్నాక ఇంగ్లీషు కంపెనీది అయింది. దొర ఎవరైనా నాణెం మీద మాత్రం మొఘల్ పాదుషా పేరే, పర్షియన్ అక్షరాల్లో.

అదంతా చేత్తో కొట్టిన సరుకు. కింద ఒక అచ్చు, మధ్యన రాగి బిళ్ల, పైన ఇంకో అచ్చు, దాని మీద సుత్తి దెబ్బ. అచ్చు బిళ్ల కంటే పెద్దది కాబట్టి సగం అక్షరాలు బయటికే పోయేవి. బిళ్ల కాస్త కదిలి రెండో దెబ్బ పడిందా, అక్షరం జంటగా పడేది. అందుకే పాత డబ్బు మీద జంట గీత కనపడితే అది సుత్తి చేసిన పని. ఒక నాణెంలో ఉన్నట్టు ఇంకోదాంట్లో ఉండదు.

తర్వాత 1794లో కంపెనీ మన ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద రాగి నాణేలు కొట్టించింది. రూపాయికి 48 అని దాని మీదే ఇంగ్లీషులో ఉంటుంది. లెక్క చూడండి: రూపాయికి 16 అణాలు, అణాకి 12 దమ్మిడీలు, మొత్తం 192. దాన్ని 48తో భాగిస్తే నాణేనికి 4 దమ్మిడీలు. అణాకి మూడు. యంత్రం వచ్చాక అక్షరాలన్నీ నాణెం లోపలే, గుండ్రంగా, ఒకే తీరుగా పడ్డాయి. తప్పు జరిగే తీరు కూడా మారింది.

ఇప్పుడు అసలు సంగతి, "డబుల్డ్ డై". పాతరోజుల్లో కళ్లంలో ధాన్యపు రాశికి ముద్ర వేసేవాళ్లు. చెయ్యి కదిలి ముద్ర రెండుసార్లు పడితే ఆ ఒక్క చోటే జంట. ముద్రకర్రనే జంటగా చెక్కితే? వేసిన ప్రతిచోటా జంటే! డబుల్డ్ డై ఈ రెండో రకం. ఉబ్బెత్తు బొమ్మ ఉన్న ఉక్కు దిమ్మెను మెత్తటి ఉక్కులోకి నొక్కి అచ్చు తయారుచేస్తారు. ఒక్క నొక్కుకి బొమ్మ పూర్తిగా దిగేది కాదు. కాల్చి మెత్తబరిచి మళ్లీ నొక్కేవాళ్లు. రెండోసారి వెంట్రుకవాసి పక్కకి జరిగితే అచ్చులోనే రెండు బొమ్మలు.

దీనికి పేరుమోసిన ఉదాహరణ అమెరికాలో 1955 నాటి ఒక సెంటు. ఫిలడెల్ఫియా టంకశాలలో ఒకే అచ్చు తప్పు. సుమారు 20 వేల పైచిలుకు నాణేలు జనంలోకి వెళ్లిపోయాయి. సిగరెట్ పెట్టెల్లో చిల్లరగా పెట్టిన వాటిల్లో కూడా చాలా దొరికాయి.

మీ చేతిలో ఉన్నదాన్ని ఎట్టా చూడాలంటే:

1. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంతో ముందు సంవత్సరం అంకెలు, తర్వాత అక్షరాలు చూడండి.
2. రెండు బొమ్మలూ ఉబ్బెత్తుగా ఉండి, అక్షరం లావెక్కి, మూలల్లో చీలిక కనపడితే అచ్చు తప్పు కావచ్చు.
3. రెండో గీత పల్చగా, మెట్టులాగా అణిగిపోయి, అక్షరం సన్నబడితే అది కొట్టేటప్పుడు అచ్చు అదిరినందువల్ల వచ్చింది. మన దగ్గర దొరికే జంటల్లో ఎక్కువ ఇవే. వీటికి పెద్ద విలువ లేదు.
4. అదే సంవత్సరం, అదే టంకశాల నాణేలు ఇంకొన్ని పక్కన పెట్టండి. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. ఇంకోదాంట్లోనూ అచ్చం అదే చోట, అదే తీరు జంట ఉంటే అప్పుడు నమ్మకం పెరుగుతుంది.

చింతపండు పెట్టి తోమకండి. తోమిన నాణేన్ని సేకరించేవాళ్లు పక్కన పెట్టేస్తారు. పొడి కాగితంలో చుట్టి ఉంచండి, చాలు.

ఇక మోసం సంగతి. మీ నాణెం కొంటాం, ముందు కమీషనో పన్నో కట్టండి అని రిజర్వు బ్యాంకు పేరు వాడుకునేవాళ్లున్నారు. తాము అట్టాంటి కొనుగోళ్లు చెయ్యమనీ, ఎవరినీ డబ్బు అడగమనీ ఆ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. కొనేవాడు మనకివ్వాలి గానీ మనదగ్గర ముందు తీసుకోడు. ఇంకో మాట. దుక్కిలో పాత నాణేలు దొరికితే, 1878 నాటి చట్టం ప్రకారం విలువ 10 రూపాయలు దాటిందంటే కలెక్టరుకు తెలియజెయ్యాలి. ఇది పెద్దాళ్లకి కూడా చెప్పండి.

జంట అక్షరం అదృష్టం గుర్తు కాదు. ఆ నాణెం ఎట్టా పుట్టిందో చెప్పే గుర్తు. బందరు డబ్బు మీద జంట గీత కొట్టినవాడి చెయ్యిని చూపిస్తుంది, పైసా మీద జంట అంకె అచ్చునో యంత్రాన్నో చూపిస్తుంది. అమ్మడం మాట తర్వాత, ముందు పిల్లలకి భూతద్దం ఇచ్చి చూపించండి.