దక్షిణ కొరియాలో చదువును పనియును

ప్రజలకు చదువు చెప్పించినచో దేశసంపద తానే పెరుగునని కొందఱును, పరిశ్రమలు వెలసిన పిమ్మట చదువు వాని వెంట వచ్చునని మఱికొందఱును వాదింతురు. దక్షిణ కొరియా చరిత్ర ఈ రెండు వాదములకును పూర్తిగా లొంగదు.

1945లో జపానువారి పాలన అంతమగునాటికి ఆ దేశమున వయోజనులలో నూటికి సుమారు 78 మంది నిరక్షరాస్యులు. 1948 నాటి రాజ్యాంగము ప్రాథమిక విద్యను నిర్బంధము, ఉచితము గావించెను. 1950లో యుద్ధము వచ్చి బడులు కూలిపోగా గుడారములలో పాఠములు సాగినవి. 1959 నాటికి బడియీడు పిల్లలలో నూటికి 95 మందికి పైగా బడిలో చేరియుండిరి.

ఇది ప్రభుత్వ మొక్కటియే సాధించిన కార్యము కాదు. 1949 నాటి భూసంస్కరణ చట్టము ఒక కుటుంబమునకు సుమారు 3 హెక్టారులకు మించి సేద్యపు భూమి ఉండరాదని నిర్ణయించుటతో, కౌలుదారులనేకులు సొంతదారులైరి. విద్యాసంస్థల భూములకు మినహాయింపు ఉండుటచే కొందఱు భూస్వాములు బడులను స్థాపించిరి. లోభము కూడ ఒక్కొక్కప్పుడు సరస్వతికి గుడి కట్టును. కొడుకును కళాశాలకు పంపుటకై రైతు ఎద్దు నమ్ముకొనెను. పాశ్చాత్యులు దంతపు గోపురమని పిలుచు విద్యాలయమును కొరియావారు ఎద్దుటెముకల గోపురమని ఎత్తిపొడిచిరి.

ఇంత చదివినను దేశము బీదదిగనే ఉండెను. చదివినవారికి తగిన పని లేదు. 1960 ఏప్రిలులో సింగ్‌మన్ రీ ప్రభుత్వమును కూల్చిన విద్యార్థుల తిరుగుబాటునకు ఎన్నికల అక్రమములు తక్షణకారణమే గాని, పట్టభద్రుల నిస్పృహ దాని వెనుక లేదనుట కష్టము. 1963లో పశ్చిమ జర్మనీ బొగ్గుగనులకు కూలీలను పంపునప్పుడు దరఖాస్తు పెట్టినవారిలో కళాశాలలలో చదివినవారును ఉండిరి.

1962లో మొదలైన పంచవర్ష ప్రణాళికతో, ముఖ్యముగా ఎగుమతులపై దృష్టి నిలిపిన తరువాత, పరిస్థితి మాఱినది. బట్టలు, ప్లైవుడ్డు, విగ్గులు ఓడలకెక్కినవి. 1964లో 10 కోట్ల డాలర్లుగా ఉన్న ఎగుమతులు 1977లో 1,000 కోట్లకు చేరినవి. సూచనలు చదివి, కొలతలు తెలిసికొని, క్రొత్త యంత్రమును త్వరగా అలవరచుకొనగల పనివారు అప్పటికే సిద్ధముగా నుండుటచేతనే ఇది సాధ్యమయ్యెను. పొలములలో మిగిలినవారికై ఓమ్ దేసప్ అను నతడు పల్లెలకు చిన్న చిన్న గ్రంథాలయములను చేర్చు ఉద్యమమును నడపెను. అందులకు 1980లో అతనికి మెగసేసే పురస్కారము లభించినది.

అయితే ఈ సంపదను కుట్టుయంత్రముల ముందు కూర్చుండి పండించినవారిలో పెక్కుమంది ప్రాథమిక విద్యతో చదువు ముగిసిన పల్లెటూరి బాలికలు. వారి జీతము తమ్ముల, అన్నల బడిరుసుములకు పోయెడిది. సియోలు బట్టల అంగళ్లలోని చోన్ తేయిల్ అను దర్జీ, పనిగంటలను పరిమితము చేయు కార్మిక చట్టము 1953 నుండియే ఉన్నదని ఆలస్యముగా తెలిసికొనెను. చీనాలిపి కలిసిన ఆ చట్టము అతనికి సులభముగా బోధపడలేదు. చదివి చెప్పుటకు కళాశాల విద్యార్థి యొక్కడు స్నేహితుడుగా ఉన్న బాగుండునని వాపోయెడివాడు. 1970 నవంబరు 13న, 22వ ఏట, ఆ చట్టము అమలు కావలెనని కోరుచు ఆత్మాహుతి చేసికొనెను.

కర్మాగారములకు అనుబంధముగా రాత్రిబడులు 1977లో మొదలైనవి. పగలు పనిచేసిన బాలికలు చీకటిపడిన పిమ్మట అందు తమ చదువును తిరిగి ఆరంభించిరి.