మన వీధి ఓటు, దాని వెనక కథ

2001 అక్టోబరులో ఒక సాయంత్రం ఒక పెద్దావిడ మా తలుపు తట్టింది. మెడలో కౌన్సిల్ గుర్తింపు కార్డు, చేతిలో కాగితాల అట్ట. "మీ ఇంటి నుంచి ఓటర్ల ఫారం తిరిగి రాలేదు" అంది. ఆ ఫారం వచ్చిన మాట నిజమే. పిజ్జా షాపుల కాగితాలతో పాటు దాన్నీ చెత్తబుట్టలో వేశాను. "మేం ఈ దేశ పౌరులం కాదండీ, వర్కు పర్మిటు మీద వచ్చాం. మాకు ఓటు ఉండదు" అన్నాను. "ఇండియా పాస్‌పోర్టే కదా? అయితే ఉంది" అని ఇంకో ఫారం చేతిలో పెట్టి పక్కింటికి వెళ్ళిపోయింది. నేను నమ్మలేదు. పేరు రాయించుకుంటే రేపు వీసాకేమైనా ఇబ్బంది వస్తుందేమోనని భయం కూడా. ఆ ఫారం సొరుగులోకి వెళ్ళింది.

దాని సంగతి మళ్ళీ గుర్తొచ్చింది 2005లో. మా బరోలో శనివారం తెలుగు బడి నడిపేది కౌన్సిల్ వారి హాల్లో. అద్దె బాగా పెంచుతున్నామని ఉత్తరం వచ్చింది. నలుగురం కలిసి మా వార్డు కౌన్సిలర్ని కలిశాం. ఆయన మర్యాదగా టీ ఇప్పించి, అంతా విని, "మీ బడికి ఎన్ని కుటుంబాలొస్తాయి?" అని అడిగాడు. నలభై అన్నాం. "అందులో ఓటర్లెంతమంది?" ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లెక్క వేస్తే ఐదుగురు తేలారు. ఐదుగురూ బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళే. "మిగతావాళ్ళు ఎందుకు చేరలేదు?" అని ఆయన అడిగితే మా దగ్గర జవాబు లేదు.

ఈ హక్కు మనకెవరిచ్చారు, ఎందుకిచ్చారు అని అప్పుడు చదవడం మొదలుపెట్టాను. తెలిసిన కథ నేను ఊహించినది కాదు. ఇది వలస వచ్చినవాళ్ళ మీద జాలితో ఇచ్చింది కాదు. సామ్రాజ్యం పోతూ పోతూ వదిలివెళ్ళిన లెక్కల్లో మన వంతుకు మిగిలినది.

ఆ రోజుల్లో చక్రవర్తి పాలన కింద పుట్టిన ప్రతివాడూ బ్రిటిష్ ప్రజే. బొంబాయిలో పుట్టినా బర్మింగ్‌హామ్‌లో పుట్టినా చట్టం దృష్టిలో ఒకటే. లండన్లో కాపురముండి తక్కిన అర్హతలుంటే ఓటు ఉండేది, పోటీ చేసే హక్కూ ఉండేది. దాదాభాయి నౌరోజీ 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ నుంచి పార్లమెంటుకు గెలిచింది ఆ దారినే. ఆయన ఆధిక్యం ఐదంటే ఐదు ఓట్లు! వీధి స్థాయిలోనూ మనవాళ్ళున్నారు. వి.కె. కృష్ణ మీనన్ 1934 నుంచి 1947 వరకు లండన్‌లో సెయింట్ పాంక్రాస్ బరో కౌన్సిలరు. అక్కడి గ్రంథాలయాల కోసం ఆయన చేసిన పని ఈనాటికీ చెప్పుకుంటారు. డాక్టర్ చునీలాల్ కటియాల్ 1938లో ఫిన్స్‌బరీ మేయరయ్యారు.

విడ్డూరమేమిటంటే, అదే కాలంలో మన ఊళ్ళో మనకు ఓటు లేదు. 1920లో మద్రాసు శాసనమండలికి ఎన్నికలు జరిగినప్పుడు శిస్తు కట్టే భూమో, పన్ను కట్టే ఆస్తో ఉన్నవాడికే ఓటు. 1921లో మద్రాసు మండలి ఆడవాళ్ళకూ ఓటివ్వడానికి ఒప్పుకుంది గాని ఆస్తి నిబంధన మాత్రం పోలేదు. గోదావరి జిల్లాలో కౌలుకు చేసుకునే మా తాతకు సొంత పొలం లేదు గనుక ఓటూ లేదు. అదే మనిషి ఓడెక్కి లండన్ వచ్చి ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటే, 1918 చట్టం తర్వాత ఓటరయ్యేవాడు. పాలించేవాడి వీధిలో ఓటుంది, పాలితుడి ఊళ్ళో లేదు!

మా నాయనమ్మ మొదటిసారి ఓటేసింది 1952లో. అప్పట్లో అభ్యర్థికొక పెట్టె, పెట్టె మీద గుర్తు. ఓటుచీటీ నచ్చిన పెట్టెలో వేయడమే. జోడెడ్లా, కంకి కొడవలా అని ఊరంతా వాదించుకుందట. ఫలానావారి భార్యనని కాకుండా తన పేరు తాను చెప్పుకున్నానని ఆవిడ చివరిదాకా చెప్పేది. ఆమె దేన్లో వేసిందో మాత్రం తాతకు కూడా చెప్పలేదు.

మరి స్వతంత్రం వచ్చాక ఇక్కడి మన ఓటు ఎందుకు పోలేదు? కారణాలు రెండు. బ్రిటిష్ పార్లమెంటు 1948లో చేసిన పౌరసత్వ చట్టం, స్వతంత్రమైన కామన్వెల్తు దేశాల పౌరుల్ని పరాయివాళ్ళ లెక్కలో వేయలేదు. 1949 ఏప్రిల్లో లండన్ ప్రకటనతో, ఇండియా రిపబ్లిక్కయినా కామన్వెల్తులో ఉండవచ్చునని తేలింది. నెహ్రూ తీసుకున్న ఆ నిర్ణయాన్ని స్వదేశంలో తిట్టినవాళ్ళు చాలామందే. తర్వాత 1962, 1971 చట్టాలు మనం ఈ దేశంలో అడుగుపెట్టే తలుపును బాగా బిగించాయి. కాని వచ్చి స్థిరపడినవాడి ఓటు జోలికి పోలేదు. మన చేతిలో ఉన్నది ఆ ఓటే.

2006 మేలో, ఆఫీసు నుంచి వస్తూ, ప్రాథమిక పాఠశాల హాల్లో మొదటిసారి ఓటేశాను. వేలికి సిరా లేదు, లాఠీ పట్టుకున్న పోలీసు లేడు, ఆ రోజుల్లో గుర్తింపు కార్డు కూడా అడగలేదు. దారం కట్టిన పెన్సిలు ఒకటి. వార్డుకు ముగ్గురు కౌన్సిలర్లు గనుక మూడు ఇంటూ గుర్తులు పెట్టాను. అప్పటికి మా బడి కుటుంబాల్లోంచి అరవైమందికి పైగా జాబితాలో చేరాం. అద్దె పెంపు రద్దు కాలేదు గాని ఏడాది వాయిదా పడింది. ఆ తర్వాత సగమే పెంచారు. ఓట్లు చూసేనా? చెప్పలేను. మా ఉత్తరాలకు వారంలో జవాబులు రావడం మాత్రం అప్పుడే మొదలైంది.

కొత్తగా వచ్చినవారి కోసం నాలుగు మాటలు. వీసా మీద చట్టబద్ధంగా ఇక్కడ నివసించే భారత పౌరులు, విద్యార్థులతో సహా, ఓటరుగా చేరవచ్చు. కౌన్సిల్ టాక్స్ కడుతున్నంత మాత్రాన పేరు జాబితాలో ఎక్కదు. పూర్వం ఇంటిపెద్ద అందరి పేర్లూ రాసేవాడు. 2014 నుంచి ఎవరికి వారే చేరాలి. ఇంటర్నెట్లో నేషనల్ ఇన్సూరెన్సు నంబరుతో ఐదు నిమిషాల పని. ఇల్లు మారితే మళ్ళీ చేరాలి. పోలింగుకు పన్నెండు పని దినాల ముందు గడువు ముగుస్తుంది. ఇంగ్లండులో 2023 మే నుంచి ఫొటో గుర్తింపు చూపాలి. మన ఇండియా పాస్‌పోర్టు దానికి సరిపోతుంది. ఒక హెచ్చరిక. అమెరికాలో ఉన్న మన చుట్టాలకు ఈ లెక్క వర్తించదు. అక్కడ పౌరులు కానివాళ్ళు ఓటరుగా చేరితే దేశం నుంచి పంపేసే ప్రమాదముంది. వాళ్ళకు మన సలహా చెప్పకండి.

ఈ హక్కు శాశ్వతమనీ అనుకోవద్దు. పార్లమెంటు ఎన్నికల్లో ఓటు బ్రిటిష్ పౌరులకే పరిమితం చేయాలని 2008లో లార్డ్ గోల్డ్‌స్మిత్ నివేదిక సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. కాని వాడని హక్కును తీసేయడం సులువు. అడ్డుపడడానికి ఎవరూ ఉండరు కదా.

సొరుగులో పడేసిన ఆ ఫారం నా దగ్గర ఇంకా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాయనమ్మ గుర్తొస్తుంది. తన పేరు తాను చెప్పుకోవడానికి ఆవిడ 1952 దాకా ఆగాల్సి వచ్చింది. మనల్ని అడగడానికి ఇంటికే మనిషి వస్తే, పౌరులం కాదని మనమే తలుపేసుకుంటున్నాం.