బీటలు అందరికీ కనిపించాయి

2013 ఏప్రిల్ 23. ఢాకా శివార్లలోని సావర్‌లో ఎనిమిదంతస్తుల రాణా ప్లాజా బీటలు వారింది. ఇంజనీరు వచ్చి చూసి, ఇది నిలవదు, అందర్నీ ఖాళీ చేయించండని చెప్పాడు. టీవీవాళ్లు కూడా ఆ పగుళ్లను చిత్రీకరించుకుని వెళ్లారు. పొద్దు గూకేసరికి సంగతి ఊరంతా తెలుసు.

మర్నాడు అందులోని బ్యాంకు తెరవలేదు. దుకాణాలూ తెరవలేదు. పైనున్న అయిదు బట్టల ఫ్యాక్టరీలు మాత్రం తెరిచారు.

చెరువు పూడ్చిన నేల అది. దుకాణాలకూ ఆఫీసులకూ అని మొదలుపెట్టిన కట్టడం. దాని మీద అనుమతి లేకుండా అంతస్తులు లేపి, బరువైన యంత్రాలనూ జనరేటర్లనూ వేలమంది మనుషులనూ ఎక్కించారు. ఆ పొద్దున ఆ మనుషులు లోపలికి అడుగు పెట్టడానికి జంకి బయటే నిలబడ్డారు. ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. రాకపోతే నెల జీతం రాదన్నారు మేనేజర్లు. అప్పటికి బట్టల ఫ్యాక్టరీల్లో కనీస వేతనం నెలకు 3,000 టాకాలు. అద్దె, బియ్యం, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది, అన్నీ అందులోంచే. నెలాఖరు వారం. చేతిలో ఏముంటుంది? లోపలికి వెళ్లారు.

కాసేపటికి కరెంటు పోయింది. జనరేటర్లు ఒక్కసారిగా మోగాయి, భవనం అదిరింది. తొమ్మిది కొట్టేలోపే అంతస్తు మీద అంతస్తు పడి అంతా నేలమట్టమైంది. జనం వట్టి చేతులతో శిథిలాలు తవ్వారు. కొందరిని బయటికి తీయడానికి అక్కడికక్కడే కాళ్లో చేతులో కోయాల్సి వచ్చింది. దగ్గర్లోని బడి మైదానంలో శవాలను వరసగా పడుకోబెడితే, కూతుళ్ల ఫొటోలు పట్టుకుని తల్లులు ఆ వరసల వెంట నడిచారు. 1,134 మంది పోయారు. రెండు వేల మందికి పైగా గాయపడ్డారు.

అయిదు నెలల ముందే, అక్కడికి దగ్గర్లోని తాజ్రీన్ ఫ్యాక్టరీ మంటల్లో వందమందికి పైగా కాలిపోయారు. దాన్ని చూసీ ఎవరూ మేలుకోలేదు.

ఆ కూలి కూడా లేకపోతే వాళ్లు పస్తులుండేవారు కదా అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బ్యాంకువాళ్లదీ ఉద్యోగమే. వాళ్లు ఆ రోజు ఇంటిపట్టున ఉన్నారు, బతికారు. కుట్టుపనివాళ్లకు ఒక్కరోజు రానని చెప్పే వీలు లేదు. అంత తక్కువ జీతం చేసే అన్యాయమల్లా అదే: ప్రాణం మీదికి వచ్చినా ‘నేను రాను’ అనే నోరు లేకుండా చేస్తుంది. చవక చొక్కా అంటే ఆ నోరు నొక్కి కుట్టించినదే.

తర్వాత ఫ్యాక్టరీల తనిఖీకి ఒప్పందం కుదిరింది. కనీస వేతనం 5,300 టాకాలైంది. బాధితుల పరిహారానికి 3 కోట్ల డాలర్ల నిధి నిండటానికి మాత్రం రెండేళ్లు దాటింది. భారత్‌కు పారిపోబోతూ సరిహద్దులో దొరికిన భవన యజమాని సోహెల్ రాణా మీద, మరికొందరి మీద 2016లో హత్యాభియోగాలు నమోదయ్యాయి. భవనం కూలిన పదేళ్లకు కూడా ఆ కేసులో తీర్పు రాలేదు.