రేషను బియ్యం, పడావు భూములు: జహీరాబాద్ చిన్న కమతాల సేద్య చరిత్ర

హరిత విప్లవం గురించి ఇంతకుముందు పాఠంలో మీరు చదివారు. ఎక్కువ దిగుబడి విత్తనాలు, రసాయన ఎరువులు, కాలువ నీరు కలిసి వరి, గోధుమ దిగుబడులను ఎలా పెంచాయో తెలుసుకున్నారు. ఆ మూడింటిలో ఏదీ సరిగా అందని మెట్ట ప్రాంతంలో, ఎకరం రెండెకరాల కమతం ఉన్న కుటుంబాలకు ఏమైందో ఈ పాఠంలో చూద్దాం. ఇందుకు పూర్వపు మెదక్ జిల్లా (ఇప్పుడు సంగారెడ్డి జిల్లా) లోని జహీరాబాద్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం.

సేంద్రియ సేద్యం అనగానే తాతముత్తాతల నాటి పద్ధతి ఏ మార్పూ లేకుండా ఎక్కడో మిగిలిపోయిందని చాలామంది అనుకుంటారు. జహీరాబాద్ విషయంలో ఈ అభిప్రాయం నిలవదు. అక్కడి పేద కుటుంబాల్లో ఆ సేద్యం చాలావరకు ఆగిపోయింది. తరువాత కొందరు స్త్రీలు పూనుకొని దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఎందుకు ఆగింది, ఎలా మళ్లీ మొదలైంది అన్నవే మన ముందున్న ప్రశ్నలు.

మొదట భూమి సంగతి. 1973 భూ సంస్కరణల చట్టం వచ్చిన తరువాత, ప్రభుత్వ భూములూ సీలింగు మిగులు భూములూ కొంతమేరకు దళిత కుటుంబాలకు అందాయి. పట్టా కాగితం చేతికి వచ్చింది కానీ, వచ్చిన నేల ఎక్కువచోట్ల రాళ్లు తేలిన పలుచని ఎర్రనేల. దాన్ని బాగుచేయాలంటే ఎడ్లు కావాలి, ఎరువు కావాలి, ఒకటి రెండేళ్లు ఓపిక పట్టాలి. రోజు కూలి మీద బతికే కుటుంబానికి ఇవేవీ లేవు. బ్యాంకు అప్పు ఇవ్వలేదు. అందువల్ల ఆ భూముల్లో చాలా భాగం పడావు పడింది.

తరువాత 1983 వచ్చింది. ఆ ఏడాది ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. కుటుంబానికి నెలకు గరిష్ఠంగా 25 కిలోలు. ఈ పథకాన్ని చిన్నచూపు చూడటం సరికాదు. గింజల అప్పు కోసం దొర గడప ముందు నిలబడవలసిన అవసరం దీనివల్ల తగ్గింది. పండుగనాడు మాత్రమే తెల్లన్నం తిన్న ఇళ్లలో అది రోజూ ఉడికింది. అన్నం తినడం ఆకలికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, గౌరవానికి సంబంధించినది కూడా. జొన్న రొట్టె, జొన్న గటక తిని పెరిగిన వాళ్లను అడిగితే ఆ తేడా చెబుతారు.

అయితే రేషను బియ్యం ఎక్కడి నుంచి వచ్చింది? నీటి వసతి ఉన్న ప్రాంతాల్లో పండిన వడ్ల నుంచి, ప్రభుత్వ సేకరణ ద్వారా వచ్చింది. జొన్నకు, కొర్రకు, సామకు అటువంటి కొనుగోలు దాదాపు లేదు. అంటే పేద రైతు పండించగలిగిన గింజకు గిరాకీ పోయింది, పండించలేని గింజ చౌకగా దొరికింది. ఎకరం దున్ని జొన్న వేసే ఖర్చుతో పోలిస్తే దుకాణం ముందు వరుసలో నిలబడటమే లాభమని లెక్క తేలింది.

ఇక్కడ మీరు ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. రేషను దుకాణం గింజ ఇస్తుంది, చొప్ప ఇవ్వదు. జొన్న పంట పోతే పశువుకు మేత పోయింది. మేత లేక ఎడ్లను అమ్ముకున్నారు. ఎడ్లు పోతే పెంట ఎరువూ పోయింది, దుక్కి కూడా అద్దె ఎడ్ల మీదో ట్రాక్టరు మీదో ఆధారపడింది. కందులు, పెసర్లు, అనుములు జొన్నతో కలిపి వేసేవి కాబట్టి పప్పు కూడా కొనుక్కోవలసిందే అయింది. జొన్న ఒక్కటి తగ్గినందుకు ఇన్ని తగ్గాయి. ఆహార విధానం సేద్య విధానాన్ని ఎలా మారుస్తుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

అదే 1983లో జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడింది. దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. ఊరూరా ఏర్పడిన మహిళా సంఘాల్లో అధికభాగం దళిత స్త్రీలే. మొదట్లో పొదుపు, కూలి పని, బీడు భూముల బాగుచేత వంటివి చేపట్టారు. వారి పనుల్లో మన పాఠానికి ముఖ్యమైనది 1990ల మధ్యలో మొదలైన సామూహిక ధాన్య నిధి. కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ నుంచి వచ్చిన డబ్బుతో, 30కి పైగా గ్రామాల్లో 2,500 ఎకరాలకు పైగా పడావు భూమిని సాగులోకి తెచ్చారు.

నిధి పనిచేసిన తీరు చూడండి. భూమి ఉన్న రైతుకు దుక్కికి, పెంట ఎరువుకు, విత్తనానికి ఎకరానికి ఇంత అని పెట్టుబడి ఇచ్చారు. రసాయన ఎరువులు వాడకూడదు. బాకీని డబ్బుగా కాకుండా జొన్నలుగా కొన్నేళ్లపాటు తీర్చాలి. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, పని దొరకని నెలల్లో పేద ఇళ్లకు బజారు ధర కంటే తక్కువకు అమ్మారు. ఎవరు ఎక్కువ పేదలో తేల్చింది కూడా ఊరివాళ్లే. నేల మీద ముగ్గుతో ఊరి పటం వేసి, ఇంటింటి పరిస్థితి చర్చించి నిర్ణయించారు. రేషను వ్యవస్థ చేసే మూడు పనులు, అంటే సేకరణ, నిల్వ, పంపిణీ, ఊరి పొలిమేర లోపలే జరిగాయన్నమాట.

పొలంలో పంటల కలయిక కూడా తిరిగి వచ్చింది. జొన్నతోపాటు కంది, పెసర, బొబ్బెర, కొర్ర, నువ్వు, పుంటికూర ఒకే చెలకలో కనిపిస్తాయి. కొన్నిచోట్ల రకాలు పదిహేను దాటుతాయి. కొర్ర ముందు కోతకు వస్తుంది, కంది చివరికి మిగులుతుంది. వాన మధ్యలో మొహం చాటేసినా ఏదో ఒకటి చేతికి వస్తుంది. నల్లరేగడిలో యాసంగిలో వానా నీరూ లేకుండా మంచుకే పండే జొన్న, శనగ, కుసుమ వంటివాటిని అక్కడివారు ‘సత్యం పంటలు’ అంటారు. విత్తకుండానే మొలిచే తుమ్మికూర, దొగ్గలికూర వంటివి భూమి లేని స్త్రీలకు ఉచితంగా దొరికే కూరలు. కలుపు మందు చల్లిన చేనులో ఇవి ఉండవు. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, అడిగినవారికి ఇచ్చి, పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగి తీసుకునే పద్ధతి సంఘాల ద్వారా బలపడింది. ఏటా సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే పాత పంటల జాతరలో ఈ విత్తనాలనే ఎడ్లబండ్ల మీద ఊళ్లు తిప్పుతారు. 2008లో మాచునూరులో ఈ స్త్రీలే నడిపే సంఘం రేడియో ప్రారంభమైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వీరికి లభించింది.

ఈ ప్రయోగానికి పరిమితులు లేకపోలేదు. మొదటి పెట్టుబడి బయటి నుంచి వచ్చింది. కలుపు తీత, కోత, గింజల ఎంపిక, నిల్వ, అన్నిటి భారం ఎక్కువగా స్త్రీల మీదే పడింది. అదే ప్రాంతంలో నీరున్న రైతులు చెరకు వైపు వెళ్లారు, పత్తి కూడా విస్తరించింది. చిరుధాన్యాలకు రేషనులో చోటు కావాలన్న వారి డిమాండు కాగితం మీద కొంత నెరవేరింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కిలో రూపాయికి ముతక ధాన్యాలు ఇవ్వడానికి వీలు కల్పించింది. కానీ తెలంగాణలో కార్డు మీద ప్రధానంగా అందింది బియ్యమే.

భూమి సమస్య మళ్లీ ముందుకు వచ్చింది. 2011 జాతీయ తయారీ రంగ విధానం కింద జహీరాబాద్‌లో ప్రతిపాదించిన పారిశ్రామిక మండలానికి న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,000 ఎకరాలకు పైగా కావాలన్నారు. అందులో అసైన్డ్ భూములూ ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం అటువంటి భూమిని అమ్ముకునే హక్కు రైతుకు లేదు. సేకరణలో దానికీ పట్టా భూమికీ పరిహారంలో చూపిన తేడా వివాదమైంది. రాళ్లు ఏరి, ఎరువు తోలి, పాతికేళ్లు బాగుచేసిన నేల విలువ ఎంత అన్న లెక్క ఏ కాగితంలోనూ లేదు.

అభ్యాసం: మీ ఊళ్లో అరవై ఏళ్లు దాటిన ఇద్దరు స్త్రీలతో మాట్లాడండి. ఇంట్లో జొన్న లేదా రాగి వండటం ఎప్పుడు తగ్గిందో అడగండి. సంవత్సరం గుర్తులేదంటే పెళ్లి, కాన్పు, ఎన్నిక, పెద్ద కరవు వంటి సంఘటనకు ముందా వెనకా అని అడిగి కాలాన్ని నిర్ణయించుకోండి. ఎడ్లను ఎప్పుడు అమ్మారో విడిగా అడిగి, రెండు సమాధానాలనూ పక్కపక్కన రాసుకోండి.