ముందుగా చెల్లించిన అప్పు: క్రెడిట్ కార్డులో పరిమితి, మిగులు, రుసుముల చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
- క్రెడిట్ కార్డుకు పరిమితి ఎందుకు ఏర్పడిందో వివరించగలుగుతారు.
- కార్డు ఖాతాలో ముందుగా డబ్బు జమచేసి పెద్ద కొనుగోలు చేయటంలోని సాధకబాధకాలను చర్చించగలుగుతారు.
- ఖాతాలోని మిగులు సొమ్ము, పరిమితి దాటినప్పటి రుసుముల విషయంలో అమెరికా, భారతదేశాల్లో వచ్చిన నిబంధనలను పోల్చగలుగుతారు.

7.1 పరిచయం

ముందు అప్పు చేసి తరవాత తీర్చటం మనకు తెలిసిన పద్ధతి. అప్పు చేయకముందే తీర్చటం వింతగా తోస్తుంది. అయినా క్రెడిట్ కార్డు వాడేవారిలో కొందరు ఈ పనే చేస్తారు. కార్డు పరిమితి 50,000 రూపాయలు, కొనదలచిన వస్తువు ధర 65,000 రూపాయలు అయినప్పుడు, తక్కిన 15,000 రూపాయలను ముందే కార్డు ఖాతాలో జమచేస్తారు. అప్పుడు బ్యాంకుకూ ఖాతాదారుకూ ఉన్న సంబంధం తలకిందులవుతుంది. అప్పటిదాకా అప్పు ఇచ్చే స్థానంలో ఉన్న బ్యాంకు ఖాతాదారుకు బాకీపడుతుంది. ఆ సొమ్ముపై హక్కు ఎవరిది? దాన్ని ఎప్పుడు తిరిగి ఇవ్వాలి? దానిపై రుసుము వసూలు చేయవచ్చా? ఈ ప్రశ్నలకు సమాధానాలు చరిత్రలో ఒక్కసారిగా రాలేదు. అవి ఎలా రూపొందాయో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

7.2 ముందు చెల్లింపు, వెనక చెల్లింపు

వర్తక చరిత్రలో ఈ రెండు పద్ధతులూ చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. మన దేశంలో దర్శనీ హుండీని చూపిన వెంటనే సొమ్ము చెల్లించేవారు. ముద్దతీ హుండీకి గడువు తీరిన తరవాతే చెల్లించేవారు. ఒక ఊరిలో షావుకారుకు సొమ్ము కట్టి, హుండీ తీసుకొని, మరో ఊరిలో దాన్ని మార్చుకొనే ప్రయాణికుడు ముందు చెల్లింపు చేసినట్లే.

1891లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ ప్రవేశపెట్టిన ట్రావెలర్స్ చెక్కు కూడా ఈ కోవకే చెందుతుంది. ప్రయాణికుడు పూర్తి సొమ్మును, దానితో పాటు కొద్దిపాటి రుసుమును ముందే చెల్లించేవాడు. అతడు చెక్కును మార్చుకొనే దాకా ఆ సొమ్ము కంపెనీ చేతిలో ఉండేది. దానిపై వచ్చే రాబడి కంపెనీకే దక్కేది. ఈ అంశాన్ని గుర్తుంచుకోండి: ముందుగా చెల్లించిన సొమ్ము ఎవరి దగ్గర ఎంతకాలం ఉంటే, అంతకాలం దాని ప్రయోజనం వారిదే.

1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా తన భాగస్వాములతో కలిసి ప్రారంభించిన డైనర్స్ క్లబ్ దీనికి భిన్నమైన దారి పట్టింది. సభ్యుడు హోటల్లో భోజనం చేసి సంతకం పెట్టేవాడు. క్లబ్బు హోటలుకు చెల్లించి, నెలాఖరున సభ్యుని నుంచి మొత్తం సొమ్ము వసూలు చేసేది. తొలినాళ్లలో హోటళ్ల నుంచి బిల్లుపై 7 శాతం తీసుకొనేది. అంటే ఎదురుచూసే భారం వినియోగదారుని నుంచి సంస్థకు మారింది.

7.3 పరిమితి పుట్టుక

1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరంలో సుమారు 60,000 మందికి, వారు అడగకుండానే, బ్యాంక్‌అమెరికార్డులను తపాలాలో పంపింది. నెలనెలా మొత్తం బాకీ తీర్చనక్కరలేదు. కొంత చెల్లించి, మిగిలినదాన్ని వడ్డీతో కొనసాగించవచ్చు. ఈ ఏర్పాటులో బ్యాంకుకు నష్టభయం పెరిగింది. అందువల్ల ఒక్కొక్కరికి 300 నుంచి 500 డాలర్ల దాకా పరిమితి విధించారు. దుకాణదారునికి కూడా ఒక హద్దు ఉండేది. అమ్మకం ఆ హద్దు దాటితే బ్యాంకుకు ఫోన్ చేసి అనుమతి తీసుకోవలసి వచ్చేది.

ఇంత చేసినా బాకీల ఎగవేతలు, దొంగ కార్డుల వల్ల బ్యాంకు మొదట్లో భారీగా నష్టపోయింది. కాగితాలతో, ఫోన్లతో పరిమితిని కాపాడటం కష్టమని తేలింది. 1976లో వీసాగా పేరు మార్చుకొన్న ఈ వ్యవస్థ, 1973లోనే కంప్యూటర్ ద్వారా అనుమతులిచ్చే పద్ధతిని ప్రారంభించింది. అప్పటి నుంచి పరిమితిని కొనుగోలు జరిగే క్షణంలోనే సరిచూడటం సాధ్యమైంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పరిమితి అంటే కార్డుతో కొనగలిగే వస్తువు గరిష్ఠ ధర అని చాలామంది భావిస్తారు. నిజానికి అది బ్యాంకు మోయడానికి సిద్ధపడిన నష్టభయానికి హద్దు.

7.4 మిగులు సొమ్ము ఎలా పనిచేస్తుంది?

పరిచయంలోని ఉదాహరణను కొంచెం విస్తరిద్దాం. పరిమితి 50,000 రూపాయలు, పాత బాకీ 10,000 రూపాయలు అనుకోండి. వాడుకోవడానికి మిగిలింది 40,000 రూపాయలే. ఖాతాదారు 25,000 రూపాయలు చెల్లిస్తే, అందులో 10,000 పాత బాకీకి పోతుంది. మిగిలిన 15,000 ఖాతాలో మిగులుగా నిలుస్తుంది. బ్యాంకు ఆ మిగులును లెక్కలోకి తీసుకొంటే 65,000 రూపాయల కొనుగోలుకు అనుమతి లభిస్తుంది.

అయితే దుకాణదారుడు కార్డు వాడినందుకు 1 శాతం అదనంగా కలిపితే మొత్తం 65,650 రూపాయలవుతుంది. అప్పుడు 650 రూపాయల తేడాతో అనుమతి నిరాకరణకు గురికావచ్చు. ఒకవేళ సరిగ్గా 65,000తో కొనుగోలు పూర్తయినా, ఖాతా పరిమితి అంచున నిలుస్తుంది. ఆ తరవాత ఏ చిన్న రుసుము పడినా హద్దు దాటుతుంది.

బ్యాంకులు ఈ పద్ధతిని అంతగా ప్రోత్సహించకపోవడానికి కారణాలున్నాయి. జమచేసిన సొమ్ము నిజంగా చేతికి రాకముందే కొనుగోలు జరిగిపోవచ్చు. దొంగిలించిన సొమ్మును కార్డులో జమచేసి, తరవాత వాపసు కోరి, దాని మూలాన్ని కప్పిపుచ్చే అవకాశం ఉంది. అందుకే అసాధారణంగా పెద్ద జమలను ఆపి విచారించటం, తిప్పిపంపటం జరుగుతుంది.

ఖాతాదారు వైపు నుంచి చూస్తే, ఇటువంటి మిగులుపై సాధారణంగా వడ్డీ రాదు. దాన్ని ఏటీఎంలో నగదుగా తీస్తే, సొంత సొమ్మే అయినా, చాలా బ్యాంకులు నగదు ఉపసంహరణ రుసుము వసూలు చేస్తాయి.

7.5 చట్టాల జోక్యం

అడగకుండా కార్డులు పంపటాన్ని అమెరికా 1970లో నిషేధించింది. 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం అదనపు చెల్లింపుల సంగతి కూడా పట్టించుకొంది. ఎక్కువగా చెల్లించిన సొమ్మును ఖాతాలో జమచేయాలని, లేదా కోరితే తిరిగి ఇవ్వాలని నిర్దేశించింది. ఆరు నెలలు దాటి నిలిచిన మిగులును ఖాతాదారుకు చేర్చడానికి సంస్థే చిత్తశుద్ధితో ప్రయత్నించాలనే నిబంధన తరవాత చేరింది. అడగటం మరచినంత మాత్రాన హక్కు పోదన్నది దీని సారం.

రుసుముల కథ మాత్రం వేరుగా నడిచింది. ఆలస్య రుసుము కూడా వడ్డీలో భాగమేనని, కాబట్టి జాతీయ బ్యాంకులు తమ సొంత రాష్ట్ర నిబంధనల ప్రకారం దాన్ని ఇతర రాష్ట్రాల వారి నుంచి కూడా వసూలు చేయవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. ఆ తరవాత రుసుములు బాగా పెరిగాయి. ఖాతాదారు ముందుగా సమ్మతించకపోతే పరిమితి దాటిన రుసుము వేయరాదని 2009 నాటి కార్డు చట్టం నిర్ణయించింది.

7.6 భారతదేశ అనుభవం

మన దేశంలో సెంట్రల్ బ్యాంక్ 1980లో క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో ఈ రంగంలో అడుగుపెట్టి, దేశంలో మార్గదర్శక సంస్థల్లో ఒకటిగా నిలిచింది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

2022 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశాలు కొన్ని ముఖ్య సూత్రాలను స్పష్టం చేశాయి. ఖాతాదారు స్పష్టమైన సమ్మతి లేకుండా పరిమితి దాటనివ్వకూడదు, అందుకు రుసుము వేయకూడదు. విఫలమైన లేదా రద్దైన కొనుగోలు సొమ్ము తిరిగి వచ్చినప్పుడు, పరిమితిలో 1 శాతం లేదా 5,000 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే దానికి మించిన మొత్తాన్ని కార్డులో సర్దుబాటు చేయడానికి సమ్మతి కోరాలి. మన ఉదాహరణలో ఆ హద్దు 500 రూపాయలు. కార్డు ఖాతాను మూసివేసినప్పుడు మిగులును ఖాతాదారు బ్యాంకు ఖాతాకు బదిలీ చేయాలి.

7.7 సారాంశం

ముందుగా జమచేయటం వల్ల కొనుగోలు శక్తి పెరగవచ్చు, కాని బ్యాంకు విధించిన పరిమితి మారదు. పరిమితిని పెంచమని కోరటం, లేదా దుకాణదారునికి కొంత నేరుగా, కొంత కార్డుతో చెల్లించటం ఇదే అవసరాన్ని తీర్చగల ఇతర మార్గాలు. చారిత్రకంగా చూస్తే, సంస్థ చేతిలో నిలిచిన వినియోగదారుని సొమ్ముపై అతని హక్కును గుర్తించడానికి, సమ్మతి లేని రుసుమును ఆపడానికి చట్టం జోక్యం అవసరమైంది. కార్డు లెక్కల పట్టీలో మిగులు కనిపించినప్పుడు, అది బ్యాంకు మీకిచ్చిన సదుపాయం కాదని, మీకు రావలసిన బాకీ అని గ్రహించండి.

7.8 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. క్రెడిట్ కార్డు పరిమితి ఏర్పడటానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. ట్రావెలర్స్ చెక్కుకు, డైనర్స్ క్లబ్ కార్డుకు మధ్య గల తేడాలను తెల్పండి.
3. ఒక కార్డు పరిమితి 80,000 రూపాయలు, పాత బాకీ 20,000 రూపాయలు. ఒక లక్ష రూపాయల కొనుగోలుకు ముందుగా ఎంత జమచేయాలి? అందులో మిగులు ఎంత?
4. మిగులు సొమ్ము విషయంలో అమెరికా, భారతదేశాల నిబంధనలను పోల్చి చర్చించండి.