పీడకలలు – భాగ్యనగరము

మనుష్యుడు మేలుకొనియున్నప్పుడు తన భయమును దాచుకొనగలడు. నలుగురిలో నవ్వుచు తిరుగవచ్చును. ధైర్యశాలియని పేరు పొందవచ్చును. నిద్రలో ఈ నటన చెల్లదు. పుట్టప్రక్కగా పోవుటకు జంకెడివాడు కలలో పాములనడుమ నిలుచును. నూతిలోనికి తొంగిచూడలేనివాడు కలలో ఆ నూతిలోనే పడును. కావున ఒక నగరముయొక్క చరిత్రను వ్రాయువారు రాజుల జయాపజయములతోపాటు అందలి ప్రజలు దేనికి భయపడిరో, ఆ భయమునకు ఏ యర్థము చెప్పుకొనిరో, ఏ విరుగుడు వెదకిరో కూడ విచారింపవలయును. హైదరాబాదునందలి ఆబిడ్సు, నాంపల్లి ప్రాంతములను ఆధారముగా గొని ఈ విచారమును కొంత చేయుదము.

కలలనుగూర్చి మన పూర్వులు రెండు త్రోవలు త్రొక్కిరి. మొదటిది శకునమార్గము. తొలిజామున వచ్చిన కల చాలకాలమునకు ఫలించుననియు, వేకువజామున వచ్చినది కొలదిదినములకే ఫలించుననియు, ఎఱ్ఱపూలదండ కీడనియు, తెల్లనివస్త్రము మేలనియు స్వప్నాధ్యాయములు లెక్కలు వ్రాసినవి. జనసామాన్యములో వ్యాపించినది ఈ మార్గమే. రెండవది విచారమార్గము. బృహదారణ్యకోపనిషత్తునందు యాజ్ఞవల్క్యుడు జనకునకు స్వప్నస్థితిని వివరించెను. ఎవరో తన్ను చంపుచున్నట్లును, ఏనుగు తరుముచున్నట్లును, గోతిలో పడుచున్నట్లును కలగనువాడు మెలకువలో చూచిన భయమునే అవిద్యవలన అక్కడ నిజమని తలచుచున్నాడని ఆయన యభిప్రాయము. చరకసంహిత ఇంద్రియస్థానము కలలను ఏడు విధములుగా విభజించినది: చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది, రాబోవు ఫలమును సూచించునది, వాతాది దోషములవలన పుట్టినది. వీనిలో మొదటి యైదును నిష్ఫలములని వైద్యుడు గ్రహింపవలయునని ఆ గ్రంథము విధించినది. మిగిలినవానికి శకునఫలము చెప్పినమాట నిజమే. అయినను మన కలలలో అధికభాగము మన యనుభవమునుండి పుట్టినదేకాని విధివ్రాత కాదని ఒక వైద్యగ్రంథము అంత పూర్వకాలమున ఒప్పుకొనుట సామాన్యవిషయము కాదు.

గోలకొండ సుల్తానులనాటినుండి ఈ నేలకు అరబ్బీ పారసీక సంప్రదాయముకూడ వచ్చి చేరెను. 8వ శతాబ్ది మొదట గతించిన బస్రావాసి ఇబ్న్ సీరీన్ స్వప్నఫలములు చెప్పుటలో ప్రసిద్ధుడు. ఆయన పేర చలామణియగు గ్రంథములలో పెక్కు తరువాతివారు కూర్చినవి. ఖ్వాబ్‌నామాలనెడి ఉర్దూ పుస్తకములు ఈ త్రోవవే. ఆ సంప్రదాయముననే మఱియొక మాటయు కలదు. కలలు మూడు తెఱగులని హదీసులు చెప్పును: దైవమునుండి వచ్చు శుభవార్త ఒకటి, సైతాను పెట్టు బెదరింపు ఒకటి, మనుష్యుడు తనతో తాను మాటలాడుకొనుట ఒకటి. యాజ్ఞవల్క్యుని మాటకును ఈ మూడవదానికిని ఎంత దగ్గరితనము! ఆదివారమునాడు ఆబిడ్సు కాలిబాటలపై పాతపుస్తకములను రాసులుపోసి అమ్ముదురు. స్వప్నఫలముల చిన్నపొత్తము, ఖ్వాబ్‌నామా, ఫ్రాయిడుగ్రంథము, పరీక్షల గైడు అట్టి రాసిలో ఒకదానిప్రక్క నొకటి యుండుట ఈ నగరచరిత్రకు తగినదే.

ఆబిడ్సు అను పేరుకూడ మనకు ఒక భయమును తలపునకు తెచ్చును. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాను కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అను పరిచారకు డుండెను. అతని అంగడివలన ఆ చోటికి ఈ పేరు వచ్చినది. 1869 మొదలు 1911 వరకు రాజ్యముచేసిన ఆ నిజామునకు పాముకాటును మాన్పు మహిమ కలదని ప్రజలు నమ్మిరి. కాటుపడినవారు ఏ యర్ధరాత్రి వచ్చినను తన్ను లేపవలసినదని ఆయన ఆజ్ఞాపించెనని చెప్పుదురు. పాముభయమున బెదరిన ప్రజలకై రాజు తన నిద్ర మానుకొనెనన్నమాట. ఈ దయ మెచ్చదగినది. కాని విచారింపుడు: మన పాములలో విషములేనివే యెక్కువ. అట్టి కాటుపడినవానిని పట్టి పీడించునది భయమొక్కటే. దానిని రాజవాక్యము తీర్పగలదు. నిజముగా విషమెక్కినవానికి వలసినది ఫ్రాన్సుదేశమున 1890ల నడుమ కాల్మెత్తు మొదలైనవారు సిద్ధపఱచిన ప్రతివిషము. మనసునకు ఊరట వేఱు, దేహమునకు రక్ష వేఱు. రెండును కావలయును. ఒకటి రెండవదాని స్థానమును ఆక్రమించినప్పుడే మూఢత్వము పుట్టును.

పాముభయము ఒక్కొక్కని భయము. నగరమంతయు ఒక్కసారిగా భయపడిన దినము 1908వ సంవత్సరము సెప్టెంబరు 28. నాడు మూసీనది పొంగి, అంచనాలనుబట్టి 15,000 మంది ప్రాణములను గొనెను. అఫ్జల్‌గంజియందలి చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు బ్రతికిరని ప్రసిద్ధి. తరువాతి కాలమున ఉర్దూ రుబాయీలలో కీర్తిగాంచిన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తానొక్కడు మిగిలెను. ఆ ప్రళయమును ఆయన పద్యముగా రచించెను.

ఇట్టి యాపదనుండి బయటపడినవారికి ఆ యాపద నిద్రలో మరల మరల వచ్చుచుండును. మొదటి ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుల కలలు ఇట్టివే. కలయనగా కోరిక తీరుటయే యని అంతకుముందు చెప్పిన ఫ్రాయిడు, ఆ సైనికులను తలచియే 1920లో తన సిద్ధాంతమును సవరింపవలసినవా డయ్యెను. నీరు ముంచుచున్నట్లు కలగనువానికి శకునకారుడు రాబోవు కీడు చెప్పును. వానికి జరిగిపోయిన కీడును అడుగువాడు కావలయును.

ఆ వరదనాడు నిజాము మూసీకి హారతి యిచ్చి పూజించెనని నగరమున చెప్పుకొందురు. ఆ పూజ ప్రజలకు ఊరట. రక్ష తరువాత వచ్చినది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి ఉపాయము చెప్పిరి; 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును ముగిసినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధిమండలి నాంపల్లి మొదలగుచోట్ల ఇరుకువాడలను తీసివేసి గాలివెలుతురులుగల యిండ్లు కట్టించెను. ఒక నగరముయొక్క పీడకలకు ఆనకట్టయు, మంచి యిల్లుగూడ మందులని ఈ చరిత్ర నేర్పుచున్నది. మందు మానినచో రోగము తిరుగబెట్టును. చెరువులను, నాలాలను ఆక్రమించి కట్టడములు లేపినందున 2020 అక్టోబరులో ఆ భయము మరల వీధులలోనికి వచ్చినది.

ఇక ఒక్కొక్కనికి తగిన విరుగుడు ఏది? తెలుగుదేశమున చెడుకల వచ్చినవారు వేకువనే లేచి గజేంద్రమోక్షణకథను తలచుకొనుట ఆచారము. అది దుఃస్వప్ననాశకమని భాగవతమే చెప్పినది. బమ్మెర పోతనామాత్యుని తెనుగువలన అది యింటింటికి వచ్చినది. ఆ కథ యేమి? మడుగులో మొసలి కాలుపట్టినది, బలము సన్నగిల్లినది, మొఱపెట్టగా విడుదల కలిగినది. కదలలేకపోవుట, మునిగిపోవుట అను పీడకలలక్షణములన్నియు అందున్నవి; ముగింపుమాత్రము వేఱు. భయపడినవాడు తన భయమునే మరల నడచి, ఈసారి గట్టుచేరుచున్నాడు.

నవీనవైద్యముకూడ ఇట్టి త్రోవనే చూపుచున్నది. 1953లో చికాగో విశ్వవిద్యాలయమునందు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు, నిద్రలో కనుగ్రుడ్లు వడిగా కదలెడి వేళలు కలవనియు, కలలు ఆ వేళ విస్తారముగా వచ్చుననియు ప్రకటించిరి. ఆ వేళ దేహమందలి కండరములు పట్టుతప్పియుండును. ఆ స్థితి వీడకముందే మెలకువ వచ్చినవానికి కాలుసేతులు ఆడవు, నోట మాట రాదు. దయ్యము ఱొమ్మునెక్కినదని మనవారు చెప్పునది దీనినే. తఱచుగా పీడకల వచ్చువారు మేలుకొని దానిని వ్రాసికొని, ముగింపు మార్చి, మార్చినదానిని దినదినము తలచుకొనవలయునని ఒక చికిత్స కలదు. బలాత్కారమునకు లోనై పీడకలలతో బాధపడుచుండిన స్త్రీలకు ఇది మేలుచేసెనని 2001లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. పోతనను చదువు ముసలమ్మకు ఈ శాస్త్రము తెలియకపోవచ్చును. ఆమె చేయుపని దీనికి దూరము కాదు.

నేటి భాగ్యనగర బాలుని కలలోనికి వచ్చునది పాము కాదు, మూసీ కాదు, పరీక్ష. ఆలస్యముగా పోయినట్లు, కలము వ్రాయనట్లు, ప్రశ్నపత్రము ఎఱుగని భాషలో నున్నట్లు వానికి కలలు వచ్చును. ఉద్యోగముచేసి పింఛను పుచ్చుకొనుచున్న పెద్దలకును ఈ కల విడువదు. తాము నెగ్గిన పరీక్షయే ఇట్లు కలలోనికి వచ్చుననియు, నాడు నెగ్గితివి గదా యని ధైర్యము చెప్పుటయే దాని యర్థమనియు ఫ్రాయిడు తలచెను. నెగ్గని పిల్లవానికి ఈ యోదార్పు ఎక్కడిది? నాంపల్లియందు కార్యాలయముగల ఇంటర్మీడియెట్ విద్యామండలి 2019 ఏప్రిలులో ప్రకటించిన ఫలితములలో పొరబాట్లు బయలుపడినవి. ఆ దినములలో ఇరువదికి మించిన విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తల్లిదండ్రులు నాంపల్లి వీధిలో నిలిచి మొఱపెట్టిరి. తప్పినవారి జవాబుపత్రములను మరల చూడవలసివచ్చెను. ఆ పిల్లలు మెలకువలో మోసిన భయమును వారి నిద్రలు ముందే యెఱిగియుండవా? అడిగినవా రెందఱు?

బాలుడు రాత్రి ఉలికిపడి లేచినప్పుడు దిష్టి తీయుదుము, తాయెత్తు కట్టుదుము, లేదా పిఱికివాడవని కసరుదుము. దిష్టి తీయుటవలన వాడు నిదురపోయినచో తప్పులేదు, అది ఊరట. కాని తెల్లవారినపిమ్మట వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, దేనికి భయపడుచుంటివని అడిగి, వాడు చెప్పునంతవరకు వినవలయును. బడిలో కొట్టు గురువో, ఇంటిలో త్రాగు తండ్రియో, పరీక్షయో బయటపడవచ్చును. బయటపడినదానిని దిద్దుట పెద్దల విధి. కల భవిష్యత్తును చెప్పదు. మన మిండ్లలోను బడులలోను పెంచుచున్న భయములను చెప్పును. దానిని విని కారణమును తొలగించిననాడు పిల్లలు సుఖముగ నిద్రింతురు.