డెసిబెళ్ల కూడిక

ఒకేచోట రెండు లేదా అంతకుమించి ధ్వని జనకాలు పనిచేస్తున్నప్పుడు వాటి ఉమ్మడి స్థాయిని కనుక్కునే లెక్కకు డెసిబెళ్ల కూడిక అని పేరు. పేరులో కూడిక ఉన్నా డెసిబెల్ అంకెలను నేరుగా కలపడం ఇందులో ఎక్కడా ఉండదు. 75 డెసిబెళ్ల జనరేటర్ పక్కన అలాంటిదే ఇంకొకటి నడిపితే వచ్చేది 150 కాదు, 78. నిజంగా 150 రావాలంటే ధ్వని తీవ్రత మూడు కోట్ల రెట్లకు పైగా పెరగాలి.

కారణం ప్రమాణంలోనే ఉంది. డెసిబెల్ ఒక నిష్పత్తికి సంవర్గమానం. గాలిలో ధ్వనికి సున్నా డెసిబెళ్లు అంటే 20 మైక్రోపాస్కల్ పీడనం. తీవ్రతలో చెబితే చదరపు మీటరుకు వాట్‌లో లక్ష కోట్ల వంతు. అక్కడి నుంచి ప్రతి 10 డెసిబెళ్లకూ తీవ్రత పది రెట్లవుతుంది.

ఈ ప్రమాణం పుట్టింది ధ్వని శాస్త్రంలో కాదు, టెలిఫోన్ తీగల్లో. అమెరికాలోని బెల్ సంస్థ ఇంజినీర్లు తొలుత సంకేత నష్టాన్ని ‘ప్రామాణిక కేబుల్ మైలు’తో కొలిచేవారు. 1920ల్లో దాని స్థానంలో సంవర్గమానం మీద ఆధారపడిన ‘ట్రాన్స్‌మిషన్ యూనిట్’ వచ్చింది. 1922లో మరణించిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీద అదే డెసిబెల్ అయింది. పేరు మారిన ఏడాదిని కొందరు 1928 అనీ, కొందరు 1929 అనీ రాస్తారు. సంస్థ సాంకేతిక పత్రికలో దాని గురించిన వ్యాసం 1929 జనవరి సంచికలోనే వచ్చింది కాబట్టి, నిర్ణయం అంతకుముందు ఏడాదిదే అనుకోవడం సబబు.

లెక్క మూడు అడుగుల్లో ముగుస్తుంది. ప్రతి స్థాయినీ పదితో భాగించి, ఆ వచ్చినదాన్ని 10కి ఘాతాంకంగా వేస్తే తీవ్రతల నిష్పత్తులు వస్తాయి. వాటిని కూడాలి. మొత్తానికి సంవర్గమానం కట్టి పదితో హెచ్చించాలి. కాలిక్యులేటర్ చేతిలో లేనివారికి అడ్డదారి ఒకటుంది: రెండు స్థాయిల మధ్య తేడా సున్నా అయితే పెద్దదానికి 3 కలపాలి, తేడా 3 అయితే 1.8, తేడా 6 అయితే 1, తేడా 10 అయితే 0.4. తేడా అంతకు మించితే చిన్నదాన్ని వదిలేసినా పెద్దగా పోయేది లేదు.

ఒక రైస్ మిల్లులో మూడు యంత్రాలు ఒక్కొక్కటే నడిచినప్పుడు 80, 83, 86 డెసిబెళ్లు చూపుతాయనుకుందాం. మొదటి రెండింటి మధ్య తేడా 3, కాబట్టి 84.8. దీన్ని 86తో కలిపితే సుమారు 88.4. ఇప్పుడు యజమాని ఖర్చుపెట్టి 80 డెసిబెళ్ల యంత్రాన్ని పూర్తిగా ఆపించినా మిల్లులో తగ్గేది 0.7 డెసిబెల్ మాత్రమే; ఆ తేడాను చెవి పట్టుకోవడం కష్టం. 86 డెసిబెళ్ల యంత్రాన్ని ఆపితే ఏకంగా 3.7 దాకా తగ్గుతుంది. శబ్ద నియంత్రణ ఇంజినీర్లు ముందు అన్నిటికంటే గట్టిగా మోగేదాని మీద చెయ్యి వేసేది ఇందుకే.

పైన చెప్పిందంతా ఒకదానితో ఒకటి సంబంధం లేని ధ్వనులకు వర్తిస్తుంది. ఒకే ఆంప్లిఫయర్ నుంచి సంకేతం అందుకునే స్పీకర్ల సంగతి వేరు. అవి సంబద్ధ జనకాలు. అక్కడ కూడేది తీవ్రతలను కాదు, పీడనాలను. దశ కలిస్తే రెండు స్పీకర్లకు 3 కాదు, 6 డెసిబెళ్లు పెరుగుతాయి. దశ పూర్తిగా ఎదురైతే ఒకదాన్నొకటి మింగేస్తాయి. జర్మన్ శాస్త్రవేత్త పాల్ లూయెగ్‌కు 1936లో అమెరికా పేటెంట్ దక్కింది ఈ రెండో గుణాన్ని వాడుకున్నందుకే. నేటి శబ్దరహిత హెడ్‌ఫోన్ల వెనకున్న సూత్రమూ అదే.

డీజే వాహనం మీద పేర్చిన బేస్ బాక్సులు దశ కలిసే కోవకు దగ్గర. 50 హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు. పక్కపక్కనే ఉన్న పెట్టెల మధ్య దూరం దానిముందు లెక్కలోకి రాదు, అందువల్ల దశలు కలిసిపోతాయి. ఎనిమిది బాక్సులకు మామూలు లెక్క 9 డెసిబెళ్ల పెరుగుదల చూపితే, సంబద్ధ లెక్క 18 చూపుతుంది. ఇదీ గరిష్ఠ అంచనాయే. పై స్థాయి స్వరాలకు తరంగదైర్ఘ్యం సెంటీమీటర్లలోనే ఉంటుంది కనుక అడుగు అటుఇటు జరిగితే హెచ్చుతగ్గులు మారిపోయి, సగటున మళ్లీ మామూలు లెక్కే మిగులుతుంది. ఇంకో చిక్కు ఏమంటే, చట్టం చూసే, చెవి వినే తీరుకు సర్దిన ‘ఎ’ స్కేలు 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెళ్లు కోసేస్తుంది. కిటికీ అద్దాలు వణుకుతున్నా మీటరు నెమ్మదిగా ఉండటంలో వింతేమీ లేదు.

కూడిక ఉన్నచోట తీసివేతా ఉంటుంది. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర మైకు శబ్దం ఆ ప్రాంతపు ప్రమాణం కంటే 10 డెసిబెళ్లకు మించకూడదు, లేదా 75 దాటకూడదు. రెండింటిలో ఏది తక్కువైతే అది. నివాస ప్రాంతంలో పగటి ప్రమాణం 55 కాబట్టి అక్కడ హద్దు 65. రోడ్డు రొద 66, మైకుతో కలిపి 68 వచ్చిందనుకుంటే మైకు వాటా 63.7. అయితే 68 అన్న ఆ రీడింగులో ఒక్క డెసిబెల్ అటుఇటైనా జవాబు 60 నుంచి 66 వరకు ఊగుతుంది. హద్దుకు ఇవతలో అవతలో తేలదు. రెండు రీడింగుల మధ్య కనీసం 3 డెసిబెళ్ల తేడా లేని కొలతను నమ్మకపోవడమే మేలు.

టపాకాయల విషయంలో మన దేశపు నియమం ఈ గణితాన్ని నేరుగా చట్టంలోకి తెచ్చింది. 1999 అక్టోబర్ నాటి ప్రకటన ప్రకారం, పేలే చోటికి 4 మీటర్ల దూరంలో ఒక టపాకాయ 125 డెసిబెళ్లు, క్షణిక శిఖరంలో 145 డెసిబెళ్లు దాటరాదు. సరంగా కట్టినవైతే, వాటి సంఖ్యకు సంవర్గమానం కట్టి అయిదుతో హెచ్చించి, అంత మేర ఒక్కోదాని హద్దు తగ్గించాలి. అంటే 125 హద్దు మీద చూస్తే వంద కాయల సరంలో ఒక్కొక్కటి 115, వెయ్యివాలాలో 110, పదివేలవాలాలో 105. అన్నీ ఒకే క్షణంలో పేలితే భౌతికశాస్త్రం పదితో హెచ్చించమంటుంది. ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా పేలితే శిఖరాలు కలవవు కాబట్టి తగ్గించాల్సిన పనే లేదు. సరం ఈ రెండింటి మధ్య పేలుతుంది, అయిదు కూడా సున్నాకూ పదికీ సరిగ్గా మధ్యనే ఉంది. కచ్చితమైన భౌతిక సూత్రం అనడం కంటే దీన్ని ఆచరణకు పనికొచ్చే రాజీగా చూడటమే సమంజసం.

అంకె పెరగడమూ, చెవికి హోరు పెరగడమూ ఒకటి కాదు. మనోవిజ్ఞానవేత్త ఎస్.ఎస్. స్టీవెన్స్ పరిశోధనల నుంచి వచ్చిన లెక్కలో, హోరు రెట్టింపుగా తోచాలంటే 10 డెసిబెళ్లు పెరగాలి. రిచర్డ్ వారెన్ వంటివారు 6 చాలన్నారు. పాఠ్యగ్రంథాలు ఎక్కువగా మొదటిదాన్నే పాటిస్తాయి. దాని ప్రకారం ఒక డప్పు హోరు రెట్టింపు కావాలంటే పది డప్పులు మోగాలి.

కాలంలో సగటు కట్టడమూ ఈ కూడికే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ఏడు నగరాల్లో మొదలుపెట్టిన శబ్ద పర్యవేక్షణ ఇలాంటి సగటులనే చూస్తుంది; ఆ నగరాల్లో హైదరాబాద్ ఒకటి. అబిడ్స్, జీడిమెట్ల, జూబ్లీహిల్స్ వంటిచోట్ల కేంద్రాలున్నాయి. నియమాలు చెప్పే పగలు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు, 16 గంటలు. రోజంతా 55 డెసిబెళ్లుండే వీధిలో 95 డెసిబెళ్ల ఊరేగింపు ఒక్క పావుగంట నిలిస్తే ఆ 16 గంటల సగటు 77కు చేరుతుంది. మిగతా 15 గంటల 45 నిమిషాలూ వీధి చీమ చిటుక్కుమనకుండా ఉన్నా, ఆ సగటులో తగ్గేది 0.03 డెసిబెల్.